ఇమాంబీ తలుపు ఎందుకు తీయలేదు

కామారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే అస్మాకు ఆ ఏడాది పెద్ద చిక్కు వచ్చిపడింది. రెండో సంవత్సరం పాఠ్యపుస్తకంలో ‘లోపలి గడియ’ అనే కథ చేర్చారు. రాసింది మైసన్న సారు. ఎల్లారెడ్డిలో వాళ్ల ఎదురింటి మనిషి, బడిలో ఆమెకు తెలుగు నేర్పినవాడు, రెండేళ్ల కిందట కాలం చేశాడు. సారు కథ పుస్తకానికి ఎక్కినందుకు అస్మా సంబరపడాల్సిందే. కానీ కథకు ముందు ఆచార్య జీవన్ గారి విశ్లేషణ అచ్చువేశారు. చిక్కంతా దానితోనే.

కథ చిన్నది. ఇమాంబీ అనే దూదేకుల ఆడమనిషి బొంతలు కుట్టి అమ్ముకుంటూ బతుకుతుంటుంది. దుబాయి పోయిన మొగుడు ఏండ్ల తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా తిరిగొస్తాడు. అతను ఆటో దిగడం కిటికీలోంచి చూసి ఇమాంబీ లేస్తుంది, కొంగు నెత్తిమీదికి లాక్కుంటుంది, పోయి తలుపు గడియ వేస్తుంది. అతను బయట నిలబడి తలుపు కొడుతూనే ఉంటాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. గడియ ఎందుకు వేసిందో సారు ఒక్క మాట కూడా రాయలేదు.

జీవన్ గారు రాశారు. ఆ గడియ పరదాకు గుర్తన్నారు. తరతరాల ఆచారం ఒక ముస్లిం స్త్రీ చేత తన జైలు తలుపును తన చేతులతోనే మూయించిందన్నారు. హైదరాబాదు సాహిత్య సభల్లో ఆయన మాటకు ఎదురుండదు. గైడ్లలో అదే జవాబు వచ్చింది, పరీక్షల్లో మార్కులూ దానికే. క్లాసులో అస్మా ఆ పేజీ చదివి వినిపిస్తుంటే పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకునేవాళ్లు.

అస్మా తల్లి బిల్కిస్ బతుకులో ఎన్నడూ బురఖా తొడగలేదు. వాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే. బొంతల మూట నెత్తిన పెట్టుకుని వారం వారం అంగడికి నడిచిపోయేది. కథలో ఇమాంబీ కూడా అట్లాగే నడుస్తుంది. ఎందుకంటే ఇమాంబీ బిల్కిసే. ఆ మధ్యాహ్నం అస్మా బడి నుంచి వచ్చేసరికి ఎవరో కొత్త మనిషి సూట్‌కేసు పక్కన పెట్టుకుని తమ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల గడియ వేసి ఉంది. “నేను మీ బాపును బిడ్డా” అన్నాడు ఆ మనిషి. ఆమె నమ్మలేదు. ఎదురింటి వాకిట్లో మైసన్న సారు పేపరు పట్టుకుని నిలబడ్డాడు గానీ చదవడం లేదు. పొద్దు వాలినంక తలుపు తెరుచుకుంది. బిల్కిస్ ఏమీ జరగనట్టు చాయ్ పెట్టింది. ఆ సంగతి ఆ ఇంట్లో అప్పుడూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

అస్మా జవాబు వ్యాసం రాయడానికి కూర్చుంది. మొదటి చిత్తుప్రతిలో ‘నాకు తెలుసు, ఆ ఇంట్లో పెరిగిన దాన్ని’ అన్న వాక్యం వచ్చింది. కొట్టేసింది. కథ గురించి వాదిస్తున్నప్పుడు కథలోంచే చూపించాలి, ఎవరి ఇంటి సంగతులో తెచ్చి చూపిస్తే అది విమర్శ కాదని మైసన్న సారే ఆమెకు చెప్పాడు. అందుకని కథలోకే వెతుక్కుంటూ పోయింది. అంగడికి ఒంటరిగా పోయి బేరమాడి వచ్చే మనిషికి పరదా ఎక్కడిది? ఎవరినీ అడగకుండా ఇంటికి కొత్త రేకులు వేయించుకున్న మనిషి ఆచారానికి జడిసి గడియ వేస్తుందా? ఇది బందీ అయిన ఆడది వేసిన గడియ కాదు, ఇన్నేళ్లూ ఊసెత్తని మొగుడి మీద కోపంతో వేసిన గడియ, ఇక్కడ ఇప్పుడు నా మాటే చెల్లుతుందని చెప్పే గడియ. ఒక్క చోట మాత్రం కలం ఆగింది. గడియ వేసేముందు ఇమాంబీ కొంగు నెత్తిమీదికి ఎందుకు లాక్కుంది? జీవన్ గారి వాదమంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది. దానికి అస్మా రకరకాలుగా జవాబు రాసి చూసుకుంది. ఏదీ గట్టిగా నిలవలేదు. చివరికి దాన్ని నాలుగు మాటల్లో దాటేసి వ్యాసాన్ని ఒక సాహిత్య మాసపత్రికకు పంపింది.

వారం తర్వాత ఆ పత్రిక సంపాదకుడు అరుణ్‌కుమార్ ఫోన్ చేశాడు.

“బాగుంది మేడం. కానీ దీన్ని విమర్శలాగ వేస్తే ఎవరు చదువుతారు చెప్పండి? అవతల జీవన్ సారు. మీరు ఆ సమాజం నుంచి వచ్చినవాళ్లు కదా, మీ అనుభవం రాయండి. మీ అమ్మగారి గురించి, మీ చిన్నప్పటి గురించి. ఫోటో కూడా పంపండి.”

“నేను రాసింది కథ గురించి సార్.”

“నిజమే. కానీ మీ బలం అనుభవం మేడం. వాదం చేయడానికి మాకు చాలామంది ఉన్నారు.”

ఆలోచించి చెప్తానంది అస్మా.

ఆ శుక్రవారం సెలవు పెట్టి ఎల్లారెడ్డి బస్సెక్కింది. తాడ్వాయి దాటేదాకా అమ్మను ఎట్లా అడగాలో మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఇంటికి చేరేసరికి తండ్రి హైదర్ జుమ్మా నమాజుకు పోయాడు. బిల్కిస్ తలకింది మెత్తలకు గలీబులు కుడుతోంది. అస్మా పక్కన కూర్చుని, మైసన్న సారు ఒక కథ రాశాడనీ, అందులో ఉన్నది నువ్వేననీ చెప్పింది. కథ చదివి వినిపించింది.

బిల్కిస్ సూది ఆపి విన్నది. అంతా అయినంక ఆమె అడిగింది ఒక్కటే.

“సారు గట్ల జూసుకుంట నిలవడ్డడా?”

“ఎదురుగ ఉన్నడు గదమ్మా. కనవడ్డది, రాసిండు.”

“నేను కిటికిలకెళ్లి జూసినట్టు గూడ రాసిండు. నేను జూసినట్టు గాయనకెట్ల ఎరుక? నా దిక్కు జూస్తున్నడన్నట్టేగా.” ఆమె ముఖం ఎర్రబడింది. “గింత పెద్దమనిషి. రోజూ సలాం జెప్పెటిదాన్ని.”

అస్మా అటువైపు ఎన్నడూ ఆలోచించలేదు. మాట మార్చడానికి జీవన్ గారు రాసింది చెప్పింది. బిల్కిస్ పెదవి విరిచింది. పరదా ఏంది, గిరదా ఏంది అంది. అప్పుడు అస్మా ధైర్యం తెచ్చుకుని తాను రాసింది చదివింది. ఆ కోపం గురించి, ఆ మొండితనం గురించి రాసిన చోట ఆమె గొంతు తెలియకుండానే పెరిగింది.

“ఇగ ఆపు” అంది బిల్కిస్. “కోపమా? నాకు కోపమెందుకే? భయమైంది.”

“ఎందుకు భయం?”

“ఏమో. ఆటోల నుంచి ఎవరో మొగాయన దిగిండు. బట్టతల, పెద్ద పొట్ట. నీ బాపని ఎరుకే. అయినా ఎవరో అనిపించింది. ఇండ్లకొస్తడు, నా పక్కన పంటడు అనుకునేసరికి చేతులు గజగజ వణికినయి. కొంగు కప్పుకొని గడియేసిన. గంతే.” సూదిలో దారం మళ్లీ ఎక్కించడానికి చూసింది, ఎక్కలేదు. “నువ్వు గూడ సారు లెక్కనే రాసినవ్. నన్ను అడిగి రాసినవా?”

“ఇప్పుడు అడుగుతున్న గదమ్మా. నీ సంగతి రాయమంటున్నరు.”

“ఆఁ, రాయి. మొగుణ్ణి జూసి జడుసుకున్నదని అచ్చుల వెయ్యి. మీ బాపు మసీదు నుంచి వచ్చే యాల్లయింది, గా కాయితాలు లోపల పెట్టు.”

తిరుగు బస్సులో అస్మాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కిటికీ పక్కన ఊరికే కూర్చుంది. ఆ కొంగు సంగతి ఇప్పుడు తెలిసింది, కానీ రాయడానికి లేదు. కథలో లేదు కాబట్టి వాదానికి పనికిరాదు, అమ్మది కాబట్టి బయటపెట్టడానికి వీల్లేదు. తన వ్యాసం కథకు సరిపోతుందని ఆమెకు ఇంకా నమ్మకమే. అమ్మకు మాత్రం సరిపోలేదు. అరుణ్‌కుమార్‌కు ఫోన్ చేసి, వేస్తే ఉన్నదున్నట్టు వేయండి, లేకుంటే వదిలేయండి అంది. చూద్దాం మేడం అన్నాడతను.

మరుసటి నెల పత్రికలో వ్యాసం వచ్చింది. పేజీలకు పేజీలు కోసేసి, మాటలు మార్చి లేఖల పేజీలో ఒక మూలకు కుదించారు. వాదనలన్నీ పోయాయి, రేకుల ముచ్చటా అంగడి ముచ్చటా పోయాయి. ఇమాంబీ కోపం గురించి మిగిలిన నాలుగు ముక్కలకు ‘ఒక ముస్లిం సోదరి ఆవేదన’ అని శీర్షిక పెట్టి, ఎక్కడ సంపాదించారో ఆమె ఫోటో కూడా వేశారు. కిందనే జీవన్ గారి మాట. సోదరి ఆవేదనను గౌరవిస్తున్నాననీ, తన సమాజం మీద ప్రేమతో రాసిన ఉత్తరాన్ని విమర్శగా తీసుకోనవసరం లేదనీ ఎంతో మర్యాదగా రాశారు. అస్మా అరుణ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. స్పందన బాగుంది మేడం, చాలామంది మెచ్చుకుంటున్నారు అన్నాడతను. ఆమె ఇక దెబ్బలాడలేకపోయింది. కాలేజీలో స్టాఫ్ రూములో తోటి లెక్చరర్లు కూడా ఫోటో బాగా వచ్చిందన్నారు.

ఆ ఆదివారం ఎల్లారెడ్డి పోయేసరికి పత్రిక హైదర్ చేతిలో ఉంది. ఎవరో తెచ్చి ఇచ్చారట. ఆయన దుబాయి నుంచి వచ్చినంక పెట్టిన పరుపుల దుకాణంలో దూది మూటకు ఆనుకుని కూర్చుని బిడ్డ ఫోటోను వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు.

“ఏం రాసినవో సదువు బిడ్డా. వీళ్లందరు మంచిగుందంటున్నరు, నాకు సమజ్ గాలే.”

అస్మా తల్లి వైపు చూసింది. బిల్కిస్ దుకాణం లోపల పరుపు అంచు కుడుతోంది, తలెత్తలేదు. చిన్న ఉత్తరమే బాపూ, ఏం లేదు అంది అస్మా. ఆయన ఊరుకోలేదు.

“కథ గురించట గదా. ఏం కథ?”

ఆమె చెప్పింది. మైసన్న సారు రాసిందని, దుబాయి నుంచి ఒకాయన తిరిగొస్తాడని, భార్య తలుపు తీయదని, అంతే కథ అని. ఎంత పొడిపొడిగా చెప్పినా కథ కథే. హైదర్ ఒళ్లో ఉన్న దూది పింజను వేళ్లతో విప్పుతూ కూర్చున్నాడు.

“గాయన ఏం జేసిండు మరి?”

“కొట్టుకుంట నిలవడ్డడు బాపూ. కథల గంతే ఉన్నది.”

“గట్ల రాసిండా సారు?” ఆయన తల అడ్డంగా ఊపాడు. “తప్పు రాసిండు. కొట్టుకుంట నిలవడలే. రెండుసార్లే కొట్టిన. తర్వాత కూసున్న.”

లోపల సూది ఆగింది. అస్మా అటు చూడలేదు. ఏదో ఒకటి అనాలనుకుంది. ఎవరివైపు నుంచి అనాలో తెలియలేదు. ఇన్నేళ్లలో ఆ అరుగు మీద కూర్చున్న మనిషి గురించి తాను ఒక్క వాక్యం కూడా రాయలేదని అప్పుడు తెలిసింది.

“ఎందుకు తీయలేదంట గామె? నువ్వేం రాసినవ్?” అని అడిగాడు హైదర్. గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు.

“బాపూ, గది కథ…”

“ఎరుకే. సదువు.”

పత్రిక ఆమె చేతిలో పెట్టాడు. అస్మా శీర్షిక వదిలేసి మొదటి లైను నుంచి మొదలుపెట్టింది. తన పేరుతో అచ్చయిన మాటలు, సగం తనవి కానివి, ఒక్కొక్కటీ బయటికి చదివింది. కోపం అన్న మాటను లోగొంతుకలో చదివి ఆగిపోయింది. తండ్రి చెయ్యి చెవికి ఆనించుకుని ముందుకు వంగాడు, వినపడలేదు, మళ్లా సదువు అన్నాడు. ఆమె మళ్లీ చదివింది.