ఊపిన సీసా

నది నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఆమెను అందరూ చుక్కలమ్మ అంటారు. గాజు గొట్టంలోంచి మందును చుక్కలుగా వదిలి, నీళ్ళలో చేపకు ఊపిరాడేంత గాలి ఉందో లేదో తేల్చడం ఆమె పని. ఆ పొద్దున ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

కొత్త అపార్ట్‌మెంట్ల మురుగు నదిలో కలిసేచోట వేలకొద్దీ చేపలు చచ్చి తేలాయి. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, జాలర్లే విషం కలిపారని బిల్డర్లు ఫిర్యాదు చేశారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం పై ఆఫీసు. నదిలో ఆ చోటే వల వేసే జాలరి చుక్కలమ్మ అన్న. అతని లైసెన్సు రద్దు చేస్తామని ఆ ఆఫీసు నోటీసిచ్చింది. నీళ్ళలో గాలి లేకపోతే తప్పు మురుగుది. ఉంటే తప్పు అన్న మీదికి.

ఈ పనికో నియమం ఉంది. సీసాను నీళ్ళలో ముంచే నింపాలి, ముంచే మూత బిగించాలి. లోపల ఒక్క బుడగ చిక్కినా లెక్క తప్పుతుంది. ఆమె అలా తెచ్చిన సీసాలో గాలి లీటరుకు ఒక మిల్లీగ్రామే వచ్చింది. చేప బతకాలంటే కనీసం నాలుగుండాలి.

ల్యాబు ఆఫీసరు, ఆమె అక్కడే నింపి తెచ్చిన రెండో సీసాను తన గదిలోకి తెప్పించుకున్నాడు. మూత తీసి, సగం ఒంపేసి, దగ్గు మందులా గలగలా ఊపాడు.

“ఇప్పుడు పరీక్ష చేసి చూడు.”

“బయటి గాలి కలిసిపోయింది కదా సార్!”

“కలిస్తే నీకేంటమ్మా? చూడు.”

ఆరు వచ్చింది.

“ఆరే రాయి,” అన్నాడు ఆఫీసరు. విచారణకు పిలిపించిన అన్న గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

ఇరవై ఏళ్ళ నియమాన్ని ఆ మనిషి ఒక్క ఊపులో ఊపేశాడు. చుక్కలమ్మ బయటికెళ్ళి, మిగిలిన నది నీళ్ళ బకెట్ తెచ్చింది. నేరుగా ఆఫీసరు ముద్దుగా పెంచుకునే రంగు చేపల తొట్టి దగ్గరికి నడిచింది.

“ఆరున్న నీళ్ళంటే అమృతమే కదా సార్. ఇందులో పోసేస్తాను.”

ఆఫీసరు కుర్చీ తన్నుకుని లేచి, తొట్టికి అడ్డంగా చేతులు చాపాడు. “పిచ్చి పట్టిందా నీకు? చచ్చిపోతాయవి!”

“మావీ అలాగే పోయాయి సార్,” అన్నాడు అన్న.

చుక్కలమ్మ తొట్టి మీదికెత్తిన బకెట్ దించలేదు. ‘ఒకటి’ అని రాసి ఉంచిన రిపోర్టును రెండో చేత్తో అతని ముందుకు తోసింది.

“సంతకం పెట్టండి సార్, త్వరగా. బరువుకి చెయ్యి లాగేస్తోంది.”