ఆకుపచ్చ డబ్బాలో ఆవకాయ

తబితా, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఇంకొంచెం. గట్టిగా చెబితే రమణమ్మకు వినబడుతుంది, ఆవిడ గోడ అవతలే వడియాలు పెడుతోంది. మన సందులో చెత్త తీసే ఇన్నమ్మను ఇక్కడినుంచి మార్చబోయి మార్చలేకపోయిన సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. పోయిన ఎండాకాలం నువ్వు చాట్రాయిలో మీ అమ్మమ్మ దగ్గర ఉన్నావు కదా.

అప్పుడే మున్సిపాలిటీవాళ్లు ఇంటింటికీ రెండు డబ్బాలు ఇచ్చారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. ఎంత చక్కటి డబ్బాలనుకున్నావు! నున్నటి ఒళ్లు, బిగుతైన మూత, చెయ్యి మోచేతిదాకా దిగేంత వెడల్పు. అలాంటివాటిలో వంకాయ తొడిమలు వెయ్యడానికి ఎవరికి చేతులు వస్తాయి? మీ తాతయ్య నీలం డబ్బాలో బియ్యం పోయించాడు. ఆకుపచ్చదాన్ని నేను మంచం కింద దాచాను.

ఆ వారంలోనే పెద్ద గాలివాన. రెడ్డిగూడెం మామిడి తోటల్లో కాయంతా రాలిపోయింది. మన సందులో సగంమంది తోటపనికి వెళ్లేవాళ్లే కాబట్టి రాలిన కాయను గోతాలకెత్తి తెచ్చుకున్నారు. దెబ్బ తగలనివి ఏరి ముక్కలు కొట్టడం మొదలుపెట్టాం. ఏ గుమ్మం ముందు చూసినా కత్తి చప్పుడే, ఆవపిండి ఘాటే. మాట్లాడేవాళ్లు తుమ్ముతూనే మాట్లాడేవారు. జాడీలు నిండిపోయాయి, ముక్కలు మాత్రం ఇంకా మిగిలాయి. అప్పుడు రమణమ్మ తన ఆకుపచ్చ డబ్బా కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆవకాయ కలిపేసింది. "కొత్తవే కదండీ, చెత్త మొహం చూడనివి" అంది. ఆవిడను చూసి నేను, నన్ను చూసి తక్కిన సందంతా.

ఇది తెలిసి ఇన్నమ్మ తల పట్టుకుంది.

"మామ్మగారూ, రేపో ఎల్లుండో ఇన్‌స్పెక్టర్ మేడం వస్తారు. ప్రతి ఇంటి ముందూ డబ్బాల్లో చెత్త చూసి ఫోటో తీసుకుంటారంట. డబ్బాలు వాడని వీధి అయితే అక్కడి మనిషిని మార్చేస్తున్నారండీ. నన్ను బస్టాండు వైపు వేస్తారు."

మన సందు చివరి గదిలో ఇన్నమ్మ వాళ్లమ్మ మంచం మీద ఉందని నీకు తెలుసు. బండి తోస్తూ తోస్తూ మధ్యలో ఆగి, చేతులు కడుక్కుని, ఆ ముసలిదానికి గంజి పట్టి, పక్క మార్చి మళ్లీ పనిలోకి వస్తుంది. బస్టాండు దగ్గర ఉంటే అదెలా కుదురుతుంది?

"కంగారుపడకే, రేపు పొద్దున్నే ఖాళీ చేసేస్తాం" అన్నాం అందరం.

ఆ మాట అన్న మధ్యాహ్నమే మేడం వచ్చేసింది. ఆవిడ పేరు లావణ్య. చిన్న పిల్ల, కళ్లజోడు, టోపీ. నేరుగా రమణమ్మ గుమ్మం ముందు ఆగి ఆకుపచ్చ డబ్బా మూత తీసింది. ఎర్రటి నూనె తేలుతూ ఘుమఘుమలాడిపోతోంది.

"ఇదేంటండీ?"

రమణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "తడి చెత్తండీ" అంది.

"తడి చెత్తలో మెంతులు కూడా వేశారా అండీ?"

నాకు నవ్వు ఆగలేదు. రమణమ్మ నన్ను కొరకొరా చూసింది. మేడం నవ్వు బిగబట్టుకుని ఇన్నమ్మ వైపు తిరిగింది.

"మరి చెత్త ఎక్కడ పోస్తున్నారు? కాలవలో కూడా ఏమీ లేదే?"

"తొక్కలు పెద్దిరాజుగారి గేదెలకు వెళ్తాయండీ. టెంకలు నర్సరీవాళ్లు మొక్కలకని పట్టుకెళ్తారు. కవర్లూ సీసాలూ గోతంలో కట్టి పెడతారు. నాకు తడీ పొడీ కలిపి ఎవరూ ఇవ్వరండీ" అంది ఇన్నమ్మ.

"పని బాగానే ఉందమ్మా. కానీ నేను పంపాల్సింది డబ్బాల ఫోటో. ఆవకాయ ఫోటో పంపితే నన్ను కూడా బస్టాండుకే వేస్తారు." వాచీ చూసుకుంది. "వెనకవీధి చూసుకుని వస్తాను. ఈలోపు ఏం చేసుకుంటారో మరి."

ఆవిడ మలుపు తిరిగిందో లేదో గోల మొదలైంది. డబ్బాల్లోది ఎక్కడ పోయాలి? ఇంట్లో ఖాళీ గిన్నె ఏదీ లేదు. పైగా రమణమ్మ డబ్బాకు అడ్డంగా నిలబడింది.

"నాది ఇంకా ఊరుతోంది. మూడో రోజు తిరగ కలిపేదాకా కదపకూడదు. కదిపితే బూజు పడుతుంది. ఏడాది పచ్చడండీ ఇది!"

ఇన్నమ్మ మెల్లగా అంది: "పోన్లెండి రమణమ్మగారూ. నాకోసం మీ పచ్చడి పాడుచేసుకోవద్దు. నేను వెళ్తాలెండి బస్టాండుకే."

అంతే, రమణమ్మ ఒంటికాలి మీద లేచింది. "నోర్ముయ్! వెళ్తుందంట! మీ అమ్మకు గంజి ఎవరు పడతారే, బస్టాండు వచ్చి పడుతుందా? మామ్మగారూ, నవ్వింది చాలు గానీ మీ చర్చిలో ప్రేమవిందుకు వండే పెద్ద స్టీలు గుండిగ తెప్పించండి!"

గుండిగ వచ్చింది. మొట్టమొదట డబ్బా ఎత్తి బోర్లించింది రమణమ్మే. ఆ వెనకే నాది, పెద్దిరాజు ఇంటిది, ఒకటి తర్వాత ఒకటి. వెల్లుల్లి వేసినది, వెయ్యనిది, శనగలు వేసినది, ఉప్పు ఎక్కువైనది అన్నీ ఒకే గుండిగలో కలిసిపోయాయి. నీది ఏది నాది ఏది అని చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు. డబ్బాలు గబగబా కడిగి, పెద్దిరాజు దగ్గరనుంచి తొక్కలు వెనక్కి తెచ్చి వేశాం. నీలం డబ్బాలోంచి మీ తాతయ్య బియ్యం దుప్పట్లోకి వచ్చాయి, కవర్లూ సీసాలూ డబ్బాలోకి వెళ్లాయి.

మేడం వచ్చేసరికి గుమ్మం గుమ్మానికి డబ్బాలు బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి. ఫోటోలు తీసుకుంది. ఒక ఆకుపచ్చ డబ్బా దగ్గర వంగి వాసన చూసి, "ఇది మాత్రం ఇంకా ఆవకాయేనండీ" అంది.

"వాసన ఫోటోలో పడదు కదమ్మా" అన్నాను.

పకపకా నవ్వింది. ఫోను తీసి అక్కడే మాట్లాడింది: "ఈ వీధికి ఇప్పుడున్న మనిషినే ఉంచండి సార్. ఇక్కడ మార్చాల్సిన పని లేదు."

ఇన్నమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రమణమ్మ మాత్రం, "నిలబడ్డావేం, అన్నం ఉడుకుతోంది, ఆకులు తీసుకురా" అని కసిరింది. గుండిగ చుట్టూ కూర్చుని వేడి వేడి అన్నంలో ఆ ఆవకాయ కలుపుకుని తిన్నాం. మేడం కూడా తింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా మళ్లీ వేయించుకుంది. ఒక ముద్దలో వెల్లుల్లి తగిలితే రెండో ముద్దలో శనగ తగిలేది. బూజూ పట్టలేదు, ఏమీ పట్టలేదు. సాయంత్రం డబ్బాల్లో తొక్కలు మళ్లీ మేసిన పెద్దిరాజు గేదె మాత్రం పొద్దుపోయేదాకా తుమ్ముతూనే ఉంది.

మిగిలిన పచ్చడి ఇంటింటికీ గరిటెతో పంచాం. మొదటి గిన్నె సందు చివరి గదికి వెళ్లింది. కారం లేకుండా ఊట కడిగిన ముక్క ఒకటి ఇన్నమ్మ వాళ్లమ్మ నాలిక మీద పెడితే, ఆ ముసలిది కళ్లు మూసుకుని చప్పరించి, "ఎవరింటిదే ఇది?" అని అడిగిందట. "అందరిదీనమ్మా" అందట ఇన్నమ్మ.

ఇదంతా గుర్తుపెట్టుకో తల్లీ. కాలేజీలో నీ స్నేహితులకు చెప్పు, రేపు నీ పిల్లలకూ చెప్పు. చెప్పేటప్పుడు రమణమ్మను ముందునుంచే మంచిదాన్ని చెయ్యకు. ఆవిడ డబ్బాకు అడ్డం నిలబడటం చెప్పు, తిట్టడం చెప్పు, ఆ తర్వాతే డబ్బా బోర్లించడం చెప్పు.