దాచుకున్న సామాన్లు

తనిఖీకి వచ్చిన అధికారి పెద్దమ్మ మంచం కింద నుంచి కుట్టుమిషను బయటికి లాగించాడు. "మిషనుందంటే సంపాదన ఉన్నట్టే. ఇంక సర్కారు బియ్యమెందుకు?" అని ఆమె రేషన్ కార్డు జేబులో వేసుకున్నాడు. పెద్దమ్మకు ఎదుటి మనిషే సరిగ్గా ఆనడు, ఇంక ఆమె ఏం కుడుతుంది? అయినా మిషను తనది కాదని ఆమె చెప్పలేదు.

మిషను పక్కింటి టైలరమ్మది. తనిఖీ అనగానే ఆ సందులో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. ఒకరి ఫ్యాను ఇంకొకరి అటకెక్కేది, ఒకరి సైకిలు ఇంకొకరి పెరట్లో దూరేది. పేదవాడి ఇంట్లో ఫ్యాను తిరిగితే ఆ గాలికి పేదరికం ఎగిరిపోతుందని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, కష్టపడి కొనుక్కున్నది దాచుకోవడం జనానికి అలవాటైపోయింది. చూపులేని ముసలిదని పెద్దమ్మ ఇల్లు ఏనాడూ వెతకలేదు. ఈసారి వెతికారు.

టైలరమ్మ గడపలో నిలబడిపోయింది. నాదేనంటే పిల్లల నోట్లో మన్ను పడుతుంది. అనకపోతే పెద్దమ్మ పస్తుంటుంది. ఆమె తేల్చుకునేలోపే అధికారి సందు మలుపు తిరిగిపోయాడు.

"నువ్వు చెప్పకే," అంది పెద్దమ్మ. "పిల్లలున్నదానివి. నేనెంత తింటాను?"

టైలరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

కుళాయి దగ్గర జనం గుమిగూడారు.

"తలా పిడికెడు వేసి ముసలమ్మను సాకుదాం," అన్నాడు తాపీపని చేసే మామ.

"ఎన్నాళ్ళు మామా? రేపు నీ సైకిలు దొరికితే నీకెవరు వేస్తారు?" అంది మూటలు మోసే వదిన. "మనం దాస్తున్నన్నాళ్ళూ వాళ్ళు వెతుకుతూనే ఉంటారు. మన సొమ్ముకి మనమే దొంగలమా?"

"బయటపెడితే అందరి కార్డులూ పోతాయే తల్లీ."

"ఒక్కొక్కరిదే పోతే అడిగే దిక్కుండదు. అందరివీ పోనీ, అప్పుడు తేల్చుకుందాం."

వాదన తెగలేదు. టైలరమ్మ మాత్రం మిషను నెత్తికెత్తుకుని బయల్దేరింది.

"ఎక్కడికే?"

"ఆఫీసుకి. నాదని చెప్పొస్తా."

నాలుగడుగులు ఒక్కతే నడిచింది. తర్వాత వదిన ఫ్యాను చంకన పెట్టుకుని కలిసింది. మామ గొణుక్కుంటూనే సైకిలు తోసుకొచ్చాడు. కాసేపటికి ఆఫీసు ముందు రోడ్డంతా సామాన్లే.

అధికారి గుమ్మంలోకి వచ్చి, "ఇవన్నీ ఎవరివి?" అన్నాడు.

"మావే. చెమటోడ్చి కొన్నవి," అంది వదిన. "పెద్దమ్మ కార్డు ఇచ్చెయ్."

"అందరి బియ్యం ఆపేస్తాను, తెలుసా?"

టైలరమ్మ ఒకడుగు ముందుకేసింది. "ఆపండి సార్. రేపట్నుంచి మా పిల్లల్ని మీ గుమ్మంలోనే కూర్చోబెడతాం. ఆకలంటే మీరే చెప్పండి, మీ అమ్మకు మిషనుంది కాబట్టి మీకు కూడు లేదని."

సాయంత్రానికి పోలీసు వ్యాను వచ్చింది. టైలరమ్మను ఎక్కించారు. వెనకే వదిన, మామ, ఇంకొందరు పిలవకుండానే ఎక్కేశారు. చోటు లేదంటూ కానిస్టేబులు తలుపు వేయబోతుంటే పెద్దమ్మ తడుముకుంటూ వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు నన్నెక్కించు నాయనా. మిషను దొరికింది మా ఇంట్లోనే."

తలుపు మూయడం అతని వల్ల కాలేదు. అవతలి నుంచి పక్క సందువాళ్ళు కూడా సామాన్లు మోసుకుంటూ వస్తున్నారు.