సైకిల్ పుల్ల కొలత

మొగిలయ్య ఉప్పల్‌లో అరిస్తే నాచారంలో వినబడుతుందని తోటి మెకానిక్కులు నవ్వుకుంటారు. ఆ రోజు మాత్రం ఆయన తన కోపాన్ని నాచారం దాకా స్వయంగా మోసుకుపోయాడు. బండి మీద వెనక రామ్మోహనరావు కూర్చున్నాడు. ఆయన ఒళ్లో గోనెసంచి, సంచిలో పాత బుల్లెట్ వెనక చక్రం డ్రమ్ము, రెండు బ్రేక్ షూలు.

రామ్మోహనరావు రామంతాపూర్‌లో ఉంటాడు, బ్యాంకు గుమస్తాగా రిటైరయ్యాడు. ఆయన బుల్లెట్ డెబ్భై రెండు నాటిది. దానికి సరిపడే బ్రేక్ షూలు ఇప్పుడు దొరకవు. వేరే షూలకు మందపాటి లైనింగ్ అంటించి, లేత్ మీద తిప్పి, ఆ డ్రమ్ములో సరిగ్గా దిగేలా చేయించాలి. మొగిలయ్య నెల కిందట చేయించి ఇచ్చాడు. మొన్న మౌలాలి దగ్గర దిగుడులో రామ్మోహనరావు బ్రేకు తొక్కితే, లోపల షూలను తెరిచే క్యామ్ అడ్డం తిరిగి ఇరుక్కుంది. చక్రం బిగుసుకుపోయి బండి జారింది. ఆయనకు మోచెయ్యి గీరుకుంది, అంతే. వెనక కూర్చున్న భార్య ఛాయాదేవికి కుడి మణికట్టు విరిగింది. ఆవిడ లెక్కల టీచరు. బోర్డు మీద రాయాల్సిన చెయ్యి మెడలో కట్టుకు వేలాడుతోంది.

పొద్దున చక్రం విప్పి, షూలు డ్రమ్ములో వదులుగా ఆడుతుండటం చూడగానే మొగిలయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. షూలు తిప్పింది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ నడుపుకునే త్రిమూర్తులు. అతనే ఎక్కువ కోశాడని మొగిలయ్య నిలబడ్డచోటే తీర్పు చెప్పేశాడు. విచారణ చేసే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

"ఏంది త్రిమూర్తులన్నా, నిద్రవోతా పని జేస్తున్నవా?" షెడ్డు గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "ఇరవై ఏండ్ల సంది నమ్మిన గదా నిన్ను! ఏం కోసినవ్ గిది? ఒక ఆడమనిషి చెయ్యి ఇరిగింది, ఎరికేనా?"

"మెషిన్ ఆపనివ్వు, తర్వాత తిట్టు," అన్నాడు త్రిమూర్తులు. అమలాపురం మనిషి, గొంతు పెంచడు.

రామ్మోహనరావు సంచిని బల్ల మీద ఎత్తేశాడు. "ఏమిటయ్యా ఆపేది? మా ఆవిడ చెంచా కూడా పట్టుకోలేకపోతోంది! ఇక్కణ్ణుంచి నేరుగా పోలీస్ స్టేషనుకే వెళ్తాను. నీ పేరు రాసిచ్చి, ఈ షెడ్డుకు తాళం వేయిస్తాను."

పక్క షెడ్ల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. త్రిమూర్తులు మొహం ఎర్రబడింది. గోడ మేకుకున్న సైకిల్ చక్రం పుల్లల్లోంచి ఒకటి తీశాడు.

మొగిలయ్య ఏనాడూ కాగితం మీద కొలత రాసివ్వడు. సైకిల్ పుల్లను డ్రమ్ములో అడ్డంగా పెట్టి, రెండు కొసలూ గోడలకు ఆనేదాకా ఆకురాయితో అరగదీసి పంపుతాడు. త్రిమూర్తులు ఆ పుల్లకు సమంగా షూలు తిప్పుతాడు. అంకెలు అబద్ధం చెప్పొచ్చు గానీ పుల్ల చెప్పదని మొగిలయ్య గొప్పలు పోతాడు.

త్రిమూర్తులు రెండు షూలనూ జతచేసి, వాటి మీద పుల్లను అడ్డంగా పెట్టాడు. కొసకు కొస కలిసింది. "నువ్వు పంపిన పుల్లే. వెంట్రుకవాసి తేడా ఉంటే నా చేతులు నరికెయ్యి."

మొగిలయ్య ఆ పుల్లను లాక్కుని డ్రమ్ములో పెట్టాడు. ఆనలేదు. గలగలా ఆడింది.

"చూశావా! పుల్ల మార్చేశాడు, దొంగ!" అని అరిచాడు రామ్మోహనరావు.

మొగిలయ్య అరవలేదు. ఆయనకు గుర్తొచ్చింది. పుల్ల అరగదీసింది గురువారం. శనివారం చూస్తే డ్రమ్ము లోపల గీతలు కనిపించాయి. నునుపు చేయమని, ఇంకో మూడు డ్రమ్ములతో కలిపి ఆటోలో ఇక్కడికే పంపాడు. నునుపు చేస్తే డ్రమ్ము లోపల పెద్దదవుతుంది. పుల్ల మాత్రం పాత కొలతదే. వేటిమీదా పేరు రాయలేదు కాబట్టి ఏ డ్రమ్ము ఎవరిదో త్రిమూర్తులుకు తెలిసే దారి లేదు. తెలిసింది ఒక్క మొగిలయ్యకే.

"నువ్వు చెప్పు మొగిలయ్యా," అన్నాడు త్రిమూర్తులు. "నేను పుల్ల మార్చేవాణ్ణా?"

నోరు మూసుకుంటే చాలు. బతుకంతా మూయని నోరు ఆ ఒక్క నిమిషం మూస్తే ఆయన పేరు నిలబడుతుంది, త్రిమూర్తులు షెడ్డు పోతుంది. మొగిలయ్యకు అందరి మీదా మంటగా ఉంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఈ సాధువు మీద పడ్డందుకు తన మీద తనకు మరీ మంటగా ఉంది.

"నాది సార్! తప్పు నాది!" మామూలు గొంతు రాక మళ్లీ అరిచాడు. "పుల్ల కోసినంక డ్రమ్ము తిప్పిచ్చిన. మల్ల కొలవలే. ఆయన్ని ఒక్క మాట గూడ అనకున్రి!"

త్రిమూర్తులు షూలను డ్రమ్ములో పెట్టి ఆడించి చూశాడు. ఇప్పుడతనికి నిజంగా కోపం వచ్చింది.

"షూ అంత చిన్నదైతే బ్రేకు పట్టదు కదా. బండినెట్లా బయటికి పంపావు?"

"బ్రేకు రాడ్ కొసకున్న నట్టు బిగించిన."

"ఎంత?"

"మరలు అయిపోయేదాంక."

రామ్మోహనరావుకు అర్థం కాలేదు. "అంటే?"

"కొత్త షూలకు ఆ నట్టు సగం కూడా పోకూడదండి," అన్నాడు త్రిమూర్తులు. "పోయిందంటే లోపల తేడా ఉన్నట్టే, క్యామ్ ఎక్కువ తిరిగి ఇరుక్కుంటుంది. చెయ్యి చెప్పేస్తుంది."

రామ్మోహనరావు మొగిలయ్య వైపు తిరిగాడు. ఈసారి ఆయన అరవలేదు. "అయితే ఆ రోజే తెలిసిందా నీకు?"

"తెలిసింది సార్. బండ్లు మస్తుగ ఉండె. జర తిరిగితే కుదురుకుంటదనుకున్న."

రామ్మోహనరావు జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, మొగిలయ్య చేతిలో పెట్టాడు. "ఈ మాట నాక్కాదు, ఆవిడకు చెప్పు."

అవతల ఛాయాదేవి 'హలో' అంది. జవాబు రాకపోయేసరికి, "ఎడమచేత్తో పట్టుకున్నానండీ, జారిపోతోంది, త్వరగా చెప్పండి," అంది.