పంతొమ్మిది సెకన్ల ముక్క

రేడియో కేంద్రంలో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. నిజానికి ఆమె చేతిలో ఉండేది బ్లేడు. అయినా పేర్లు పెట్టేవాళ్లు వచ్చి చూసి పెడతారా! ముప్పయ్యేళ్లుగా టేపులు కోసి అతికించడమే ఆమె పని. ఎంతమంది మంత్రుల దగ్గులు ఆమె చెత్తబుట్టలోకి పోయాయో ఆమెకే తెలియదు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి సచివాలయం నుంచి ఒక అధికారి వచ్చి, ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బహు మర్యాదస్తుడు. అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన పెద్దాయన పుట్టి ఆ రోజుకు వందేళ్లు. ఆయన చివరి ప్రసంగాన్ని ఏటా వేసినట్టే పదింటికి వేయాలి.

"పన్నెండో నిమిషంలో ఒక ముక్క ఉందమ్మా. అది తీసేయాలి," అన్నాడు.

ఏ ముక్కో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. "రేవులో చనిపోయిన పిల్లలు ద్రోహులు కారు. కాల్చమన్నది నేను. ఆ తప్పు నాది." మధ్యలో ఆయన గొంతు పూడుకుపోయి ఆగిన క్షణాలతో కలిపి పంతొమ్మిది సెకన్లు. ఆ పిల్లల్లో ఒకడు ఆమె అన్న. సమ్మెలో ముందు వరసలో నిలబడ్డాడు, అంతే. ఆ మాటలు రేడియోలో వచ్చేదాకా వీధిలో ఆమె కుటుంబాన్ని పలకరించిన పాపాన పోయినవాడు లేడు. వాళ్ల తలుపు మీద ఎవరో తారుతో రాసిన 'ద్రోహి' అన్న మాటను అమ్మ గోళ్లు అరిగేలా గీకింది. ఇప్పటికీ ఏటా ఆ పంతొమ్మిది సెకన్ల కోసమే అమ్మ ప్రసంగమంతా వింటుంది.

"అవి ఆయన అన్న మాటలే కదండీ," అంది.

"అన్నారు. కాదనను. కానీ రేవులో మళ్లీ సమ్మె మొదలైంది, చూస్తున్నారుగా. పెద్దాయనే తప్పు ఒప్పుకున్నారంటే ఇక మమ్మల్ని ఎవరు ఖాతరు చేస్తారు? మిగతా కాపీలన్నీ పోయిన వారమే తెప్పించి కాల్చేశాం. ఇదొక్కటే మిగిలింది."

కాదంటే పక్కగదిలో ఇంకొకరున్నారు, క్షణంలో కోసిపారేస్తారు. అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఎవరైనా మాట మొదలుపెట్టే ముందు ఊపిరి తీసుకుంటారు. ఆ ఊపిరిని ఉంచి అతికిస్తే అతుకు తెలియదు. ఊపిరితో సహా కోసేస్తే మాట మీద మాట పడి, వినేవాడి చెవికి ఠక్కున తగులుతుంది. ఇక్కడేదో తీసేశారని దేశమంతటికీ తెలుస్తుంది. అమ్మకూ తెలుస్తుంది. ఊపిరితో సహా కోయాలి, అనుకుంది.

రీలును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పింది. అధికారి ఆమె వేళ్లనే చూస్తున్నాడు. గోడ గడియారం తొమ్మిదీ నలభై దాటింది. పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టి, ఏటవాలుగా కోసి, రెండు కొసలూ చేర్చి అతికించింది. గట్టిగా రెండు నిమిషాలు పట్టలేదు.

"ఏదీ, ఒకసారి వినిపించండి."

పెద్దాయన చేపల ధర గురించి చెప్పాడు. హాయిగా ఊపిరి తీసుకున్నాడు. బడుల గురించి చెప్పాడు. మధ్యలో ఏమీ లేదు. రేవూ లేదు, పిల్లలూ లేరు, ఎప్పుడూ లేనట్టే ఉంది.

ముప్పయ్యేళ్ల అలవాటు! వద్దనుకుంటూనే వేళ్లు వెళ్లి ఊపిరిని కోతకు తప్పించి గుర్తు పెట్టాయి.

"ఇంకోసారి చూస్తానండీ, అతుకు సరిగ్గా కుదరలేదు," అంది చెయ్యి చాపి.

"అద్భుతంగా ఉందమ్మా. ఎక్కడ కోశారో నాకే తెలియలేదు." కోసిన ముక్కను జేబులో పెట్టుకున్నాడు. రీలును స్వయంగా తీసుకుని ప్రసారం గదికి నడిచాడు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లేసరికి అమ్మ కట్టేసిన రేడియో ముందే కూర్చుని ఉంది. ఎసరు కూడా పెట్టలేదు.

"నువ్వూ విన్నావా?" అంది అమ్మ.

"విన్నానమ్మా."

"రేవు మాట రాలేదే. కోసేశారేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఎక్కడా తడబడలేదు, ఆగలేదు." చిన్న గొంతుతో అడిగింది. "అసలు ఆయన అన్నాడంటావా? కడుపుకోత కొద్దీ నేనే ఊహించుకున్నానా ఇన్నేళ్లూ? పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నా. మీ అన్న నిజంగానే ఏమైనా చేశాడేమోనని కూడా..."

ఆమె ఇక తట్టుకోలేకపోయింది. అమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేసింది.

"అన్నాడమ్మా. ఆ మాటలు అన్నాడు. నేనే కోశాను. నీకు తెలిసేలా కోద్దామనే అనుకున్నాను, చెయ్యి నా మాట వినలేదు."

అమ్మ తిట్టలేదు. కూతురి కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని, ఆ వేళ్లను ఒక్కొక్కటే తడిమి చూసింది.

"రెండు గంటలపాటు నా కొడుకును నేనే అనుమానించానే తల్లీ," అంది. "అంత బాగా అతికించావా?"