చుక్క ముట్టని మనిషి

చిన్న కొలత గ్లాసులోకి గీత దాకా మందు వంచి, లిబ్రాదో దాన్ని వంటింటి దీపం కింద పట్టుకుని నిలబడ్డాడు. ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. చిక్కటి, తియ్యటి మందు. తాగితే గంటలో కడుపు కదులుతుంది, మధ్యాహ్నంలోపు మూడుసార్లైనా పరిగెత్తాలి. తాగకపోతే తల మసకబారుతుంది. మందు మానొద్దని, బండి నడపొద్దని డాక్టరు రెండూ చెప్పాడు. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. జూన్ నుంచి ఆ కాగితం సంగతి లిబ్రాదో ఎవరికీ చెప్పలేదు.

గ్లాసులోది మళ్ళీ సీసాలోకి పోసేసి, మూత బిగించాడు.

తర్వాత రెండు చేతులూ ముందుకు చాచి, ఎదురుగా వస్తున్న మనిషిని ఆపుతున్నట్టు అరచేతులు పైకెత్తాడు. మణికట్లు చటుక్కున వాలి మళ్ళీ లేచాయి. ఇంకోసారి వాలాయి. రెండే. నిన్న కూడా రెండే. ఎక్కువసార్లు వాలితే తల మసకబారుతున్నట్టని డాక్టరు చెప్పాడు. ఫరవాలేదనుకున్నాడు.

అతనికి యాభై ఏడేళ్ళు. చేతులు సన్నబడి భుజాల దగ్గర ఎముకలు తెలుస్తున్నాయి. పొట్ట మాత్రం బిగిసి, చొక్కా కింది రెండు గుండీలు పెట్టనివ్వడం లేదు. చీలమండలు వాచి బూట్ల తాళ్ళు వదులుగా కట్టుకుంటున్నాడు. ముంజేతుల నిండా దురదకి గోకుకున్న గోళ్ళ గీతలు. కళ్ళ పసుపు కనబడకుండా, ఎండ రాకముందే నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

టెక్సాస్ దక్షిణపు కొసన, సరిహద్దు నది లోయలో, వృద్ధుల డే-కేర్ బండి పంతొమ్మిదేళ్ళుగా అతనే నడుపుతున్నాడు. పొద్దున్నే ఎనిమిది మంది ముసలివాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని సెంటర్లో దించడం, వాళ్ళు బొమ్మల చీట్లాట ఆడి, భోంచేసి, కునికి, లేచాక మళ్ళీ ఇళ్ళకు చేర్చడం. ఆ పంతొమ్మిదేళ్ళూ సీటు పక్కన పెద్ద గ్లాసు నిండా ఐసు, కోలా ఉండేవి. రోజుకు మూడుసార్లు నింపుకునేవాడు. పొద్దున చక్కెర పెచ్చు అద్దిన రొట్టె, మధ్యాహ్నం పంది కొవ్వుతో కలిపిన పిండి తోర్తీయా రొట్టెలు. ఇంటికెళ్ళాక సోఫా. అతనొక్కడే కాదు, చుట్టుపక్కల అందరూ అలాగే తింటారు, అలాగే కూర్చుంటారు. మద్యం మాత్రం ఏనాడూ ముట్టలేదు. పెళ్ళిళ్ళలో వధూవరుల పేరిట అందరూ గ్లాసులెత్తితే తను కోలా ఎత్తేవాడు. ఎందుకంటే వాళ్ళ నాన్న అన్సెల్మో తాగి తాగి లివరు చెడి, నలభై తొమ్మిదేళ్ళకే పోయాడని ఊరంతటికీ తెలుసు.

జూన్‌లో ఎడిన్‌బర్గ్ అనే పక్క ఊరి ఆసుపత్రి డాక్టరు అతని ముందు రిపోర్టులు పరిచి, "ఎంత తాగుతారు?" అని అడిగాడు. తాగనన్నాడు లిబ్రాదో. మూడుసార్లు అడిగి, మూడుసార్లూ అదే జవాబు విన్నాక, డాక్టరు రక్తం ఇంకో పరీక్షకు పంపాడు.

"లివర్లోంచి కొవ్వుని కదలనివ్వని జీన్ ఒకటుంటుంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఉంది. మీకు అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, రెండూ వచ్చాయి" అన్నాడు.

"మరి అందరూ నాలా లేరే?"

"అదొక్కటీ ఉన్నంత మాత్రాన రాదు. దానికి మీ కోలా తోడైంది, షుగరు తోడైంది, రోజుకి పది గంటలు కూర్చోవడం తోడైంది." లిబ్రాదో తండ్రి గురించి తను రాసుకున్నది మళ్ళీ చూసి, "మీ నాన్నగారు నిజంగా తాగేవారా?" అని అడిగాడు.

అప్పటినుంచీ ఆ ప్రశ్న లిబ్రాదో వెంటే తిరుగుతోంది.

ఏడుంపావుకల్లా ఆరుగురు ఎక్కారు. ఎనభై నాలుగేళ్ళ క్రిస్పీన్ టోపీ సర్దుకుంటూ మెట్టెక్కి, "ఏవయ్యా, చీకట్లో నల్లద్దాలేంటి? సినిమాలో వేషం ఇచ్చారా?" అన్నాడు.

"మీ పక్కన హీరో వేషం బాబాయ్."

"అయితే హీరోయిన్ని చూడనీ. అంపారో, కాస్త జరుగు."

నడకచట్రం మడిచి ఒళ్ళో పెట్టుకున్న అంపారో, "నీ పళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చావు, హీరోయిన్ కావాలా!" అంది. బండంతా నవ్వింది.

ఏడో మనిషి లిబ్రాదో తల్లి ఎలోదియా. డెబ్భై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి. ఎప్పుడూ వెనక వరసలో కిటికీ పక్కన కూర్చుంటుంది. ఇవాళ ఆ సీటు బెల్టు చిక్కుకుపోయిందని ముందు, కొడుకు పక్కన కూర్చుంది. అతను ముఖం అటు తిప్పుకుని అద్దం సర్దాడు.

ఎనిమిదో మనిషిని ఎక్కించుకోవాలంటే తొమ్మిదో మైలు రోడ్డు మీద నీళ్ళ ట్యాంకు దగ్గర ఎడమకు తిరగాలి. ట్యాంకు వచ్చింది. లిబ్రాదో దాన్ని చూశాడు. తెల్లగా, గుండ్రంగా ఉంది. బాగుంది అనుకున్నాడు. బండి దాన్ని దాటిపోయింది.

చెరుకు తోట అయిపోయింది. తారురోడ్డూ అయిపోయింది. సాగునీటి కాలువ గట్టు మీద మట్టిబాట మొదలైంది.

"ఏవయ్యా, చేపలు పట్టడానికా?" అన్నాడు క్రిస్పీన్ వెనకనుంచి. ఒకరిద్దరు నవ్వారు. ఎడమ చక్రం కింద కంకర జారిన చప్పుడుకు ఆ నవ్వు ఆగిపోయింది. అంపారో పైకి వినబడేలా ప్రార్థన అందుకుంది.

"లిబ్రాదో, బండి ఆపు" అంది తల్లి.

ఆ మాట అతనికి వినబడింది. ఆపాలని కూడా తెలుసు. దేనితో ఆపాలో మాత్రం కాలికి తెలియలేదు. కుడికాలు నేల మీద వెతుక్కుంది.

"ఒరే, ఆపరా!"

బ్రేకు దొరికింది. బండి ముందుకు ఊగి నిలబడింది. ఎడమ చక్రానికి, గట్టు అంచుకి మధ్య జానెడు మట్టి మిగిలింది. కింద గోధుమరంగు నీళ్ళు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి.

"ఇదెక్కడ?" అని అడిగాడు లిబ్రాదో.

ఎలోదియా బెల్టు విప్పుకుని అతని మీదికి వంగింది. "ఊపిరి వదులు."

"అమ్మా..."

"వదలరా!"

వదిలాడు. ఆమె ముఖం గట్టిపడింది. కుళ్ళిన పండులాంటి తియ్యటి వాసన.

"అదే వాసన. నలభై ఏళ్ళయితే మర్చిపోతాననుకున్నావా? మీ నాన్న ట్రక్కు దిగొచ్చి పక్కలో పడుకుంటే ఇదే వాసన. నువ్వూ మొదలెట్టావన్నమాట. ఇంతమందిని ఎక్కించుకుని, తాగి నడుపుతున్నావు!"

భయానికి లిబ్రాదో తల కొంచెం తేటపడింది. "తాగలేదమ్మా."

"ఆయనా ఇదే అనేవాడు. ఇదే గొంతుతో."

లిబ్రాదో కళ్ళద్దాలు తీశాడు. ఆ పసుపు కళ్ళు చూసి ఆమె వెనక్కి జరిగింది.

"నాన్న కూడా తాగలేదేమోనమ్మా" అన్నాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు మాట తప్పిపోయి, మళ్ళీ మొదటికొచ్చాడు. లివరు చెడితే నోరు అలా వాసనేస్తుందని చెప్పాడు. బొట్టు తాగకపోయినా వేస్తుందని చెప్పాడు.

"కథలు చెప్పకు" అంది ఆమె, కానీ గొంతులో బలం లేదు.

వెనకనుంచి క్రిస్పీన్ అన్నాడు: "అన్సెల్మో తాగలేదు ఎలోదియా."

"నీకేం తెలుసు?"

"ఆరేళ్ళు ఒకే ట్రక్కులో హ్యూస్టన్‌కి ఉల్లిపాయలు తోలాం. తాగింది నేను. నన్ను భుజాన వేసుకొచ్చి సీట్లో పడేసేవాడు వాడు. వాడికి కోలా, రొట్టె ఉంటే చాలు."

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు." క్రిస్పీన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పొట్ట ఉబ్బి, ఊరంతా ఒకే మాట అంటుంటే, నాకు తెలీకుండా తాగుతున్నాడేమోనని నేనూ అనుకున్నా. నోరు మూసుకున్నా."

లిబ్రాదో ఇంజను ఆపాడు. తాళంచెవి లాగి తల్లి అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తనే మడిచాడు.

"నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు."

లిబ్రాదో ఫోన్లో జబ్బు సంగతి చెప్పాక, సెంటర్ నడిపే నెల్దా ఇరవై నిమిషాల్లో ఇంకో బండి తీసుకొచ్చింది. దిగీదిగగానే చక్రం వైపు చూసింది, తర్వాత నీళ్ళ వైపు చూసింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"జూన్ నుంచి."

"నాలుగు నెలలా! నాలుగు నెల్లు నా దగ్గర దాచి వీళ్ళని తిప్పారా?"

"ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది. అది పోతే కొత్త లివరు కోసం పెట్టిన జాబితాలోంచి నా పేరు పోతుంది."

"మా అమ్మమ్మ కూడా ఇలాంటి బండిలోనే వెళ్తుంది లిబ్రాదో."

"తప్పే" అన్నాడు అతను.

అలవాటుకొద్దీ మెట్టు దగ్గర నిలబడి, దిగేవాళ్ళకు మోచెయ్యి చాపాడు. క్రిస్పీన్ పట్టుకున్నాడు. అంపారో పట్టుకోలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఆ మోచెయ్యి దాటి నెల్దా చెయ్యి అందుకుంది. లిబ్రాదో చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది.

ఎలోదియా ఆ రోజు సెంటర్‌కు వెళ్ళలేదు. కొడుకు ఇంట్లో మందు గీత దాకా పోసి, తాగేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుంది.

"రెండు వైపుల నుంచీ అన్నావు."

"అవును."

"అంటే నా నుంచీ."

"నీ తప్పేముందమ్మా?"

"నాకెందుకు రాలేదు మరి?"

"నీకు ఒక్కటే ఉందేమో. పైగా ముప్పై ఏళ్ళు ఉల్లి పొలాల్లో వంగి లేచావు. నేను కూర్చున్నాను."

ఆమె బల్ల మీద లేని దుమ్మును చేత్తో తుడిచింది. "చివరి నాలుగు నెలలు ఆయన్ని షెడ్డులో పడుకోబెట్టాను. కంచం వేరే పెట్టాను. కన్యమాత మీద ఒట్టేసి తాగలేదన్నాడు. ఆ తల్లి పేరు ఆ నోటితో ఎత్తకన్నాను."

లిబ్రాదో ముంజేతిని గోకడం ఆపాడు. "ట్రక్కంతా వెతికానమ్మా అప్పుడు, సీసాల కోసం. ఒక్కటీ లేదు. ఖాళీ కోలా డబ్బాలే ఉన్నాయి. వాటిల్లో కలుపుకుని తాగుతున్నాడని నీకు చెప్పింది నేనే."

ఆమె అతని వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, వాచిన అతని కాళ్ళు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుని, బూట్ల తాళ్ళు విప్పసాగింది.

సాయంత్రం అతను హార్లింజన్‌లో ఉన్న కూతురు ఇర్మాకు ఫోన్ చేశాడు. "పరీక్ష చేయించుకో. లావుగా లేను కదా అనుకోకు, వెళ్ళు. ఇంట్లో కోలా పెట్టకు. రోజూ నడువు. ఇంకోటి, మీ తాత తాగలేదు. అది కూడా పిల్లలకి చెప్పు."

"నాన్నా, నువ్వు బానే ఉన్నావా?"

"మీ నానమ్మ నా బూట్లు దాచేసింది. ఎక్కడికీ పోలేను" అన్నాడు.

నెల్దా ఉద్యోగంలోంచి అతని పేరు తీసెయ్యలేదు, సెలవులో చూపించింది. ఆసుపత్రి జాబితాలోనూ పేరు ఉంది. అతనికి సరిపడే లివరు మాత్రం రాలేదు. ఫిబ్రవరిలో ఉత్తరపు చలిగాలి వీచిన ఒక మధ్యాహ్నం, ఆసుపత్రిలో తల్లి నర్సుని పిలవడానికి వరండాలోకి వెళ్ళి వచ్చేసరికి లిబ్రాదో పోయాడు. సమాధుల దగ్గర క్రిస్పీన్ వచ్చినవాళ్ళందరినీ ఒక్కొక్కర్నీ చెయ్యిపట్టుకు ఆపి, "చుక్క ముట్టలేదు. తండ్రీ ముట్టలేదు, కొడుకూ ముట్టలేదు" అని చెప్పాడు. కొందరికి రెండుసార్లు చెప్పాడు.

బండి ఇప్పుడు ఒఫీలియా అనే ఆవిడ నడుపుతోంది. మొదటి వారంలో ఒక సాయంత్రం, ఎండ కళ్ళలో పడుతోందని అద్దం పైనున్న రేకు కిందికి దించితే, నాలుగు మడతల కాగితం ఒకటి ఆమె ఒళ్ళో పడింది. పెద్ద పెద్ద అక్షరాలు, బాణం గుర్తులు. చర్చి దగ్గర కుడి. టైర్ల కొట్టు దగ్గర ఆగి చూడు. క్రిస్పీన్, మూడో వీధి. అంపారోకి ముందు చట్రం అందించు. అమ్మ ఇల్లు, పచ్చ గేటు. అన్నిటికీ కింద, పెన్సిలుతో రెండుసార్లు దిద్దిన వరస ఒకటి: నా ఇల్లు, నాలుగు వందల పదిహేడు, నీలం తలుపు.