కొరికి చూసే అలవాటు

తడి సరుకే ఇది, కనీసం ఏడాది గోదాములో మగ్గింది, లేకపోతే వేళ్ళకింత జిగురెందుకంటుకుంటుంది అనుకుంటూ భీమశంకరరావు అరచేతిలో కిస్మిస్‌ని తిప్పి చూశాడు, ముప్ఫయ్యేళ్ళ ధాన్యం వ్యాపారం అలవాటు కొద్దీ ముందుపళ్ళతో కొరికేశాడు, పాత సరుకమ్మా, ఎవడో నీకు అంటగట్టీసాడు అని పైకే అనేశాడు, శ్రీకాకుళం ఆస్పత్రి మేడమీద గదిలో చాపలేసుకుని కూర్చున్న ఆరుగురూ కళ్ళు తెరిచి నవ్వారు, తలో కిస్మిస్ చేతిలో పెట్టి ధ్యానం నేర్పే ఝాన్సీ కూడా నవ్వి, బాబూ, సరుకు సూడమన్లేదండి, నెమ్మదిగా నమలండి, రుచి ఎలాగుంటే అలాగుండనియ్యండి, మంచీ సెడ్డా సెప్పకండి అంది, చెప్పకుండా ఎలా ఉంటారో ఆయనకి తెలియదు, ఆమదాలవలస కొట్లో నాన్న పక్కన నిలబడ్డ నాటినుంచీ అదే పని, కొరికి సూడరా, టక్కుమంటే ఎండినట్టు, నొక్కుకుపోతే పచ్చి, పచ్చిదైతే బస్తా దింపనియ్యకు అనేవాడు నాన్న, అలా ఊరందరి ధాన్యాన్నీ కొరికి కొరికి కిందటి వానాకాలంలో ఒకనాడు తననీ కొరికి చూసుకున్నాడు, తాలు, లోపల గింజే లేదు, అంతా తాలే, ఆ రోజునుంచి కొట్టుకి వెళ్ళలేదు.

డాక్టరు మాత్రలిచ్చాడు, వాటితోపాటు ఎనిమిది వారాల ఈ క్లాసూ రాశాడు, ఇది మూడోది, తనవరకూ ఇదే ఆఖరిది కూడా, పొద్దున్న బస్సులోనే భార్య కమలాదేవికి చెప్పేశాడు, నాకిది పడదే, రేపట్నించి మాత్రలూ మింగను, నా మానాన నన్నొగ్గీ, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే, మిమ్మల్నొగ్గీసి నేనెక్కడికెళ్తానండి అంది, తనొక్కడూ తలుపేసుకోకుండా పడగ్గదికి లోపలి గడియ పీకించేసింది ఆవిడే, ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనరు, ఇప్పుడు బయట వరండాలో బల్లమీద కూర్చుని ఉంటుంది.

కళ్ళు మూసుకోండి, ముక్కులోకి గాలి వస్తాది, వెళ్తాది, అంతే సూడండి అంది ఝాన్సీ, వస్తోంది, వెళ్తోంది, ఫ్యాను గిరగిరలో ఎప్పటిదో కళ్ళం, ఆరబోసిన వడ్లలో కాళ్ళతో చాళ్ళు తీస్తూ నడుస్తున్న చిన్నప్పటి తను, అరికాళ్ళ కింద గోరువెచ్చని గింజలు, ఎండ, హాయి, ఆ హాయిలోకే నువ్వు పనికిరావు అన్న మాట వచ్చి కూర్చుంది, తూచబోయి ఆగాడు, ఉండనీ, అది లేచిపోలేదు, పోనీలే, గాలి వస్తోంది, వెళ్తోంది, మధ్యలో దగ్గు, ఎవరిదో పొడిదగ్గు, చెంగు నోటికడ్డం పెట్టుకుని దాచుకుంటున్న దగ్గు, వరండాలోంచి, కమలాదేవిది.

లేచి బయటికొచ్చేశాడు, ఎన్నాళ్ళనించే ఈ దగ్గు, కమలాదేవి ఉలిక్కిపడింది, ఏటండీ, అప్పుడే అయిపోనాదా క్లాసు, ఎన్నాళ్ళనించే, దసరా ముందునించండి, ఏటో, కషాయం తాగితే పోతాదిలెండి, దసరా వెళ్ళి మూణ్ణెల్లు, మూణ్ణెల్లూ పక్క మంచంమీద ఈ మనిషి దగ్గుతూనే ఉంది, ఒక్క రాత్రీ తన చెవిన పడలేదు, ఈ దిగులొచ్చాక ఒక్కసారైనా రాని ఏడుపు వచ్చింది, పద, కింద డాక్టరుకి సూపించుకుందువుగాని, నా మాత్రలు నేను మింగుతాను అని ఆవిడ సంచీ అందుకున్నాడు, మెట్లమీద ఆవిడ మళ్ళీ దగ్గింది, మొదటినుంచి చివరిదాకా విన్నాడు, వినిపిస్తోందంటే తనింకా ఇక్కడే, ఈవిడ పక్కనే ఉన్నాడు.